మచ్చు చూసి పిల్లలను తూచడం ఎలా?

పప్పుశనగ కొనడానికొచ్చిన వ్యాపారి ఏం చేస్తాడు? మూటలోకి ఇనప గొట్టం గుచ్చుతాడు. జారిన గింజలను అరచేతిలో పట్టి, ఉఫ్‌మని ఊది, రెండు పంటి కింద వేసుకుంటాడు. పటుక్కుమంటే ఎండిన సరుకు. మెత్తగా నలిగితే తేమ, క్వింటాలుకు ఇంతని తరుగు. మచ్చు చూడడమంటే ఇదే. నంద్యాలలో ఒక మండీలో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. ఎన్ని వేల మూటలకు మచ్చు చూసి ఉంటానో నాకే తెలియదు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ఆ విద్యను పిల్లల మీదికి మళ్లించాను.

పిల్లల గుణం కనిపెట్టడంలో మనవాళ్లు దారుణంగా మోసపోతున్నారు. పరీక్షలో తొంభై వచ్చాయని మురిసిపోతారు, పండక్కి కాళ్లకు దండం పెట్టాడని పొంగిపోతారు. ఇంట్లోవాళ్లకు గ్లాసెడు నీళ్లివ్వడం గొప్పా? ఇవ్వకపోతే వీపు చిట్లుతుందని వాడికి తెలుసు. ముక్కూమొహం తెలియని మనిషి సందు మొగదల కూలబడితే మీవాడు ఏం చేస్తాడు? గింజ మెత్తనో గట్టో తేలేది అక్కడ. కింద చెప్పేవన్నీ నంద్యాలలోనూ, మా తమ్ముడి కాపురం ఉన్న ఆళ్లగడ్డలోనూ నేను స్వయంగా చేసి చూసినవి. పిల్లలున్నవాళ్లు మీ పిల్లల మీద చేయండి. లేనివాళ్లు పక్కింటి పిల్లల మీద చేయండి. నేను చేసింది ఎక్కువగా రెండోదే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. శనగలకైతే మూటలో పైన, నడుమ, అడుగున మూడుచోట్ల గుచ్చి చూడాలి. ఒక్క మూటను ఒక్కచోట గుచ్చి లారీ లోడంతా కొన్నవాడు నెత్తిన గుడ్డ వేసుకుని పోవాల్సిందే. పిల్లలకు అంత శ్రమ అక్కర్లేదు. ఒక్క గుచ్చు చాలు.

వేళ చూసుకోండి

పరీక్షకు మేలైన వేళ పొద్దున ఎనిమిదింబావు. ఆ వేళకు పిల్లల వీపు మీద మూట, చేతిలో టిఫిను సంచి, నోట్లో సగం నమిలిన ఉగ్గాణి ఉంటాయి. గంట కొట్టేస్తారన్న భయంతో గుండె దడదడలాడుతుంటుంది. సంజీవనగర్ గేటు దగ్గర సరిగ్గా ఆ వేళకు నేను టమాటాల సంచి ఒకటి జారవిడిచాను. రోడ్డు ఎర్రబడింది. నన్ను దాటుకుని ఎంతమంది పిల్లలు పోయారో! ఇద్దరు మాత్రం ఆగారు. వాళ్లలో ఒకడు టమాటా తొక్కి జారిపడి, తాను పడ్డందుకు ఏడ్చాడు. వాడికి అర మార్కు వేశాను.

సాయంత్రం ఐదింటికి అదే సంచి, అదే చోట జారవిడిస్తే చుట్టూ మూగి నిమిషంలో ఏరిపెట్టారు. పొద్దున పరుగెత్తి పోయిన మొహాలే కొన్ని అందులో కనిపించాయి. అయితే సాయంత్రం లెక్క చెల్లదు. తీరికగా ఉన్నవాడు సాయం చేయక ఇంకేం చేస్తాడు?

ఈ విషయంలో అమెరికావాళ్లు కూడా నా వెనకే నడిచారని తర్వాత తెలిసింది. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు ఒక పరిశోధన అచ్చువేశారు. ప్రిన్స్‌టన్‌లో మత విద్య చదివే నలభై మంది కుర్రవాళ్లను ఒక్కొక్కరినీ పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి గుమ్మానికి చేరగిలబడి, దగ్గుతూ మూలుగుతున్నాడు. వాళ్లు పెట్టిన మనిషే. కొందరు కుర్రవాళ్లు వెళుతున్నది దేనికనుకున్నారు? బైబిల్లోని మంచి సమరయుడి కథ మీద ప్రసంగం చేయడానికి. దెబ్బలు తిని దారిపక్కన పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్నవాడి కథ అది. నంద్యాలలో క్రైస్తవం ఎన్నో తరాలుగా ఉంది కాబట్టి చర్చికి వెళ్లనివాళ్లకు కూడా ఆ కథ తెలుసు. తీరా చూస్తే, ఇంకా వ్యవధి ఉందని చెప్పి పంపినవాళ్లలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైపోయింది పరుగెత్తు అని పంపినవాళ్లలో నూటికి పదిమందే ఆగారు. ఏ కథ మీద మాట్లాడబోతున్నారన్నది పెద్దగా తేడా తేలేదు.

ఆ ఇద్దరూ దీన్నిబట్టి తొందరే అసలు కారణమన్నారు. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది, కళ్లముందున్నది చూడరు. కాబోయే పాస్టర్లలోనే పదింట తొమ్మిది తాలు అని తేలిపోయింది కదా! ఇక గేటు దగ్గరి ఐదో తరగతివాళ్ల సంగతి చెప్పాలా?

రెండు వైపులా కాటా మనదే కావాలి

పరీక్షకు ముందు పిల్లలకు ఇంట్లో గట్టిగా నూరిపోయాలి: తెలియనోళ్లతో మాట్లాడొద్దు, ఏమిచ్చినా తినొద్దు, పిలిస్తే పోవద్దు. రోజూ చెప్పండి, బస్సెక్కించేటప్పుడు ఇంకోసారి చెప్పండి. అది ఒంటికి పట్టాక తెలియని మనిషిని పంపి పరీక్షించండి. సాయం చేశాడా, పెద్దల మాట వినడని తరుగు. చేయలేదా, కనికరం లేదని తరుగు. మండీలో ఇంత సొగసైన తూకం నేను చూడలేదు.

మా తమ్ముడి కూతురికి పదకొండేళ్లు. ఆళ్లగడ్డలో నాలుగు రోడ్ల దగ్గర బడి నుంచి వస్తుంటే, మా మండీ పాత కాటా మనిషిని పంపాను. లుంగీ, ముఖానికి అడ్డంగా తువ్వాల, చేతిలో బరువైన సంచి. నేను సోడా బండి చాటున నిలబడ్డాను.

“పాపా, చెయ్యి నొప్పిగా ఉంది. ఈ సంచి ఆ సందు చివరిదాకా పట్టుకుంటావా?”

ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. సంచి వైపు చూసింది, సందు వైపు చూసింది. సందులో ఎవరూ లేరు. “ఈడనే ఉండు తాతా, అంగట్లో అన్నను పిల్చకొస్తా” అని ఒక్క పరుగున పోయి కిరాణా అంగడి కుర్రవాణ్ని చెయ్యిపట్టి లాక్కొచ్చింది. వాడు సంచి ఎత్తుకున్నాడు. అది మాత్రం అంగడి మెట్టు మీదే నిలబడి, వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు ఇంటికి పోయింది.

నా పుస్తకంలో ఇలా రాసుకున్నాను: “సంచి ముట్టుకోలేదు. పని పరాయివాడి మీదికి తోసింది. అనుమానం ఎక్కువ. సున్న.” సాయంత్రం తమ్ముడికి చూపించాను. వాడు పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, “అన్నా, అన్నం తిని పడుకో” అన్నాడు. తండ్రి ప్రేమ కళ్లు కప్పేస్తుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

రేట్లు పెట్టండి

2006లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ తొమసెల్లో అనే పరిశోధకులు ఏడాదిన్నర పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని, బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ క్లిప్పులు కింద పడేశారట. చేయి చాపి, అందక అవస్థపడుతున్నట్టు చూశారట. ఇంకా సరిగా మాటలు రాని ఆ బుడతలు తప్పటడుగులతో పోయి తీసిచ్చారు. 24 మందిలో 22 మంది ఏదో ఒక పనికి సాయపడ్డారు. ఎవరూ అడగలేదు, మెచ్చుకోలేదు, చేతిలో ఏమీ పెట్టలేదు.

ఇది చదివి నాకు మనసు చివుక్కుమంది. ఇంత సరుకు ఉచితంగా పోతోందే! వెంటనే మా వీధి పిల్లలను పిలిచి ధరల పట్టీ ప్రకటించాను. మంచినీళ్లిస్తే ఐదు రూపాయలు, సంచి మోస్తే పది, ముసలివాళ్లను రోడ్డు దాటిస్తే ఇరవై.

మొదటి రోజు వీధి కళకళలాడిపోయింది. దప్పిక లేనివాళ్ల చేత కూడా నీళ్లు తాగించారు. మూడో రోజు శ్రీనివాస సెంటర్లో మహానంది బస్సు కోసం నిలబడ్డ ఒక అవ్వను ఇద్దరు పిల్లలు చెరో రెక్క పట్టుకుని అవతలికి దాటించారు. “నా బస్సు ఈపక్కే వస్తాదిరా, ఇడ్సండ్రా” అని ఆమె మొత్తుకున్నా వినలేదు. అవతలి గట్టున ఆమె తిట్లు లంకించుకుని ఉండగానే ఇంకో జట్టు వచ్చి ఇవతలికి దాటించింది. ఈ రాకపోకల మధ్య బస్సు పోయింది. దాటింపులు రెండు, ఇరవై చొప్పున నలభై రూపాయలు నికరంగా చెల్లించాను. అవ్వ మార్కుల గురించి అడగలేదు, నా వంశం గురించి మాత్రం అడిగింది.

పదిరోజులకు ఇంటి ముందు బిందెతో నేనే కాలు మడతపడి కూలబడ్డాను. అది పరీక్ష కాదు, నిజం. ఎదురింటి పిల్లోడు పరుగున వచ్చి, ఒక అడుగు దూరంలో ఆగి, “ఎంతిస్తావు తాతా?” అన్నాడు. వాడు ఇంతకుముందు నా బిందె రోజూ అందుకునేవాడే. వ్యాపార దక్షత ఇంత తొందరగా అబ్బినందుకు సంతోషించాను. అదే పరిశోధకులు 2008లో ఇంకో సంగతి చెప్పారు. సాయానికి బదులుగా వస్తువేదైనా బహుమతిగా అందుకున్న పిల్లలు, ఆ తర్వాత మామూలు పిల్లలకంటే తక్కువగా సాయం చేశారట. రేటు తక్కువ పెట్టి ఉంటారు.

వెంగళరెడ్డికి మార్కులెన్ని?

ఉయ్యాలవాడ అనగానే అందరికీ నరసింహారెడ్డి గుర్తుకొస్తాడు. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. ఆయన మీద సినిమా కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ ఊళ్లోనే పుట్టిన ఇంకో రెడ్డి ముఖ్యం. బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో, ఏ ఊరి నుంచి వచ్చారో ఏ కులమో అడక్కుండా, వేలమందికి గంజి పోయించిన మనిషి. విక్టోరియా రాణి పేర బంగారు పతకం అందుకున్నాడు. సీమ పల్లెల్లో ఆయన మీద పాటలు కట్టి పాడుకున్నారు. ఎవరైనా ధారాళంగా పెడితే “నువ్వేమన్నా బుడ్డా వెంగళరెడ్డివా” అనడం నా చిన్నప్పుడు ఇంట్లో విన్నదే. ఆ మాట ఎక్కువగా మా జేజి నన్ను కసిరేటప్పుడు అనేది, ఆకలిగొన్న కుక్కకు నా రొట్టె వేసినందుకు.

అయితే ఆయనను ఏడేళ్ల వయసులో ఎవరైనా పరీక్షించారా? నేను విన్న పాటల్లో ఆ ముచ్చట లేదు. పొద్దున ఎనిమిదింబావుకు ఆయన ముందు టమాటాలు ఎవరూ జారవిడవలేదు. ఇది చరిత్రకు పెద్ద లోటు. గంజి పోయడానికి ఆయన దగ్గర గింజలుండేవి కదా, పిల్లల దగ్గర ఏముంటాయి అని మా ఆవిడ వాదించింది. ఏముంటాయంటే, టిఫిను డబ్బా ఉంటుంది. మధ్యాహ్నం ఆకలితో నకనకలాడుతున్నప్పుడు డబ్బా మొత్తం దారినపోయేవాడికి ఇచ్చినవాడే నా లెక్కలో వెంగళరెడ్డి. సగం ఇచ్చినవాడికి సగం తరుగు.

పరువేట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి ఊళ్లమీదికి బయలుదేరుతాడు. నలభై రోజులకు పైగా, ముప్పై పైచిలుకు ఊళ్లు. తన పెళ్లికి జనాన్ని స్వయంగా పిలవడానికి తిరుగుతాడని మా వైపు నమ్మకం. పల్లకీ దిగిన ఊళ్లో చూడాలి. ఎక్కడెక్కడి జనమో వస్తారు, ఎవరు ఎవరికీ తెలియదు. పిల్లలు చెంబులు పట్టుకుని మజ్జిగ పోస్తూనే ఉంటారు. ఒక బుడ్డది తన ఎత్తున్న బిందెలోంచి ముంచి నాకు మూడుసార్లు పోసింది, చాలన్నా వినలేదు. దీన్ని లెక్కలో వేయకూడదు. ఊరంతా చేసేది చూసి చేయడం సాయమెట్లా అవుతుంది? వాళ్లమ్మ పోస్తోంది కాబట్టి అదీ పోసింది. గుణం అంటే ఎవరినీ చూడకుండా, ఎవరూ నేర్పకుండా, శనగగింజలో గట్టిదనంలా పుట్టుకతో రావాలి.

హార్ట్‌షోర్న్, మే అనేవాళ్లు అమెరికాలో వేలమంది బడిపిల్లలను ఏళ్ల తరబడి రకరకాలుగా పరీక్షించి, ఒకచోట నిజాయితీగా ఉన్నవాడు ఇంకోచోట కూడా అట్లాగే ఉంటాడని చెప్పలేమని 1928-30 మధ్య మూడు సంపుటాలు అచ్చువేశారు. మూడు సంపుటాలు రాసేంత ఓపిక ఉన్నవాళ్లకు సరుకు ఎన్నటికీ అమ్ముడుపోదు.

రాళ్లను తూచేవాళ్ల దగ్గరైనా కిటుకు దొరుకుతుందేమోనని ఆళ్లగడ్డలో ఒక శిల్పి దగ్గరికి పోయాను. అక్కడ శిల్పుల పాకలకు కొదవలేదు. పాకంతా తెల్లటి దుమ్ము, కోత మిషను రొద, సగం చెక్కిన వినాయకుళ్లు, కళ్లు తెరవని అమ్మవార్లు. పెద్దాయన ఉలి వెనక్కి తిప్పి రాతిని టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. నా మచ్చు విద్యకు అన్నలాంటి విద్య!

“ఒక్క దెబ్బతో గుణం తెలిసిపోతాది గదా?” అన్నాను ఆశగా.

“యాడ తెలుస్తాది సామీ. నాలుగు పక్కలా కొట్టాల. కొట్టినా గూడ, మూడు నెల్లు చెక్కినాక, ముక్కు కాడికొచ్చేసరికి లోపలి చారిక బయటపడ్తాది. ఒక్కోసారి పనికిరాదనుకున్న రాయే బాగొస్తాది” అని, నా మీద పడ్డ దుమ్ము తన తువ్వాలతో దులిపి, నేనెవరో ఎందుకొచ్చానో అడక్కుండానే టీ తెప్పించాడు.

వృత్తిలో పట్టు లేదని అర్థమైంది. టీ విషయం పుస్తకంలో రాయలేదు. పెద్దవాళ్లకు పరీక్ష లేదు.

పెద్దవాళ్లకు ఎందుకు లేదని మా తమ్ముడి కూతురే అడిగింది ఒకసారి. మేము నంద్యాల నుంచి బస్సులో వస్తున్నాం. సిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన ఒక బైకు పడి ఉంది. ఒకతను మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ నలుగురు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. బస్సు నెమ్మదించింది. “పెద్దనాయనా, దిగుదామా?” అంది. “మనకెందుకమ్మా, పోలీసు కేసు, సాక్ష్యం, కోర్టు” అన్నాను. అది నా ఫోను తీసుకుని 108 నొక్కి, ఏ ఊరు దాటామో చెప్పింది. ఫోను నాది కాబట్టి మార్కులు నాకు రావాలి, అది వేరే సంగతి.

తర్వాత తెలుసుకుంటే, 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ అని ఒక సెక్షను చేర్చారట. ప్రమాదంలో పడ్డవాణ్ని ఆదుకున్న మనిషి మీద కేసు ఉండదు. దాని కింద పెట్టిన నియమాల ప్రకారం పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఈ చట్టం రాసినవాళ్లు ఏ మండీలోనూ పనిచేసి ఉండరు. పేరు లేకుండా ఖాతా ఎట్లా రాస్తారు?

ఆ ఇబ్బంది ఎంత పెద్దదో మొన్న మే నెలలో నాకే తెలిసొచ్చింది. ఆళ్లగడ్డ బస్టాండులో మధ్యాహ్నం ఒంటిగంట. రేకుల కింద నిలబడ్డానో లేదో కళ్లు బైర్లు కమ్మాయి. బెంచీ మీద ఒరిగిపోయాను. ఎవరో నా మెడ వెనక చల్లటి నీళ్లు పోశారు. తువ్వాల తడిపి తల మీద వేశారు. కళ్లు తెరిస్తే పన్నెండేళ్ల పిల్లోడు. బూట్లకు లేసులు లేవు, చొక్కా రెండో గుండీ స్థానంలో పిన్నీసు. సీసా ఎత్తితే గుక్కతిరుగుతుందనుకున్నాడేమో, మూతలో కొంచెం కొంచెంగా పోసి తాగించాడు. “కూసో తాతా, లెయ్యద్దు” అన్నాడు. నేను జేబులోంచి పుస్తకం తీయబోయాను. వేళ్లు వణికి పెన్ను కిందపడింది, అదీ వాడే తీసిచ్చాడు. “పేరేంది నాయనా? ఏ తరగతి?” అన్నాను. ఇంతలో చాగలమర్రి బస్సు కదిలింది. వాడు సీసా నా ఒళ్లో పడేసి, పరుగెత్తి మెట్టు అందుకున్నాడు.

పుస్తకంలో ఆ వరుస అట్లాగే ఉంది. తేదీ ఉంది, ఊరు ఉంది, “నీళ్లు, మూడు మూతలు, తువ్వాల ఒకటి, పెన్ను ఒకటి” అని ఉంది. పేరు గడి ఖాళీ. నియమం ప్రకారం మార్కులు వేయడం కుదరదు. కాబట్టి ఈ పద్ధతి పాటించేవాళ్లంతా ఒక్కటి గుర్తుంచుకోండి: ఎంత కళ్లు తిరుగుతున్నా సరే, ముందు పేరు, తరగతి, బడి రాసుకోండి. నీళ్లు ఆ తర్వాత తాగొచ్చు.